ఆ 90 సెకన్ల గురించి రాయి

తమ్ముడూ,

యుద్ధనౌకల మీదికి వేసే మిస్సైళ్ళ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది, కానీ సగానికి పైగా మాక్ నంబర్లు (ధ్వని వేగానికి ఎన్ని రెట్లన్నది), రేంజి, వార్‌హెడ్ (మిస్సైల్‌లో పేలే భాగం) బరువులే. ఫ్రాన్స్ ఎక్సోసెట్ గొప్పదా మన బ్రహ్మోస్ గొప్పదా అని ఒక పెద్ద పట్టిక కూడా వేశావు. మరి ఓడేది? ఓడలో మనుషులేరీ?

యుద్ధనౌకకీ మిస్సైల్‌కీ మధ్య పోటీ నిజానికి టైముతో. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, ఓడ రాడార్ 20 మీటర్ల ఎత్తున ఉంటే, అలల మీద 5 మీటర్ల ఎత్తులో వచ్చే మిస్సైల్ దాదాపు 27 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేదాకా దానికి కనపడదు, ఆ రాడార్ ఎంత ఖరీదైనదైనా సరే. ఎక్సోసెట్ సెకనుకి సుమారు 300 మీటర్లు పోతుంది, అంటే చేతిలో ఉండేది 90 సెకన్లు. బ్రహ్మోస్ లాంటిదైతే అందులో మూడో వంతే. ఆ కాస్త టైములో ఒకరు చూడాలి, ఇంకొకరు నమ్మాలి, మరొకరు ఆర్డర్ ఇవ్వాలి. నీ వ్యాసం నడవాల్సింది ఆ పని జరిగే ఆపరేషన్స్ రూమ్‌లో.

బ్రిటన్ యుద్ధనౌక షెఫీల్డ్ సంగతి ఒక్క పేరాలో తేల్చేశావు, అదే నాకు బాధేసింది. బ్రిటన్, అర్జెంటీనా యుద్ధంలో, 1982 మే 4న ఫాక్‌లాండ్స్ దీవుల దగ్గర అర్జెంటీనా సూపర్ ఎతండార్ విమానాలు రెండు బాగా తక్కువ ఎత్తులో ఎగురుతూ వచ్చాయి. పక్కనున్న గ్లాస్గో నౌక వాటి రాడార్‌ని పసిగట్టి హెచ్చరించింది కూడా. కానీ అప్పటికే తప్పుడు హెచ్చరికలు చాలా వచ్చి జనం విసిగిపోయి ఉన్నారు. సరిగ్గా అదే సమయంలో షెఫీల్డ్ శాటిలైట్ ద్వారా మాట్లాడుతోంది, ఆ ప్రసారం వల్ల శత్రు రాడార్‌ని పట్టే దాని సొంత పరికరం పనికిరాకుండా పోయింది, గగనతల రక్షణ చూసే అధికారి ఆ నిమిషానికి ఆపరేషన్స్ రూమ్‌లో లేడు. చాఫ్ పేల్చలేదు (రాడార్‌ని మోసం చేయడానికి గాల్లోకి వదిలే లోహపు పూత పోగుల మేఘం, దాన్ని నీ వ్యాసంలో ఎక్కడా వివరించలేదు, వివరించు). ఆ విమానాలు వేసిన ఎక్సోసెట్ తగిలి 20 మంది పోయారు. ఇందులో మిస్సైల్ వేగానికి ఎంత వాటా ఉందో, మనుషుల అలసటకి ఎంత వాటా ఉందో నువ్వే చూడు. ఇంకో మాట, వార్‌హెడ్ పేలలేదని రాశావు. చాలా ఏళ్ళు అందరూ అలాగే రాశారు, కానీ 2015లో మళ్ళీ పరిశీలించి పేలిందనే తేల్చారు. పాత పుస్తకంలోంచి తీసుకున్నట్టున్నావు. ఇలాంటి విషయాల్లో ఏ సంవత్సరం నాటి ఆధారం అన్నది తప్పకుండా చూసుకోవాలి.

అట్లాంటిక్ కన్వేయర్ అనే బ్రిటన్ సరుకు ఓడ గురించి అసలు రాయనేలేదు! అదే సంవత్సరం మే 25న యాంబస్కేడ్ అనే ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) చాఫ్ పేల్చి ఎక్సోసెట్లని తప్పించింది. తప్పించుకుని ముందుకెళ్ళిన మిస్సైళ్ళకి ఏ రక్షణా లేని ఈ సరుకు ఓడ కనిపించింది. 12 మంది చనిపోయారు, చినూక్ హెలికాప్టర్లు మూడు కాలిపోయాయి. రక్షణ వ్యవస్థ ‘సక్సెస్’ అని రాసేటప్పుడు, పక్కకి మళ్ళిన మిస్సైల్ ఆ తర్వాత ఎటు పోయిందన్న ప్రశ్న నువ్వు అడిగి తీరాలి. నన్నడిగితే ఈ ఒక్క ఘటన మీదే వ్యాసమంతా నడపొచ్చు.

1987లో అమెరికా యుద్ధనౌక స్టార్క్ మీద ఇరాక్ విమానం రెండు ఎక్సోసెట్లు వేసినప్పుడు, దగ్గరికొచ్చిన మిస్సైళ్ళని తనంతట తానే కాల్చే ఫాలాంక్స్ తుపాకీ స్టాండ్‌బైలో ఉంది, 37 మంది నావికులు పోయారు. 2006లో లెబనాన్ తీరంలో ఇజ్రాయెల్ యుద్ధనౌక హనిత్‌ది కూడా దాదాపు అదే కథ, రక్షణ వ్యవస్థ ఆపేసి ఉంది, ఎదుటి హిజ్బుల్లా దగ్గర అలాంటి ఆయుధం ఉంటుందనుకోలేదు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ ఉంది. ఐఎన్ఎస్ నిర్ఘాట్ వేసిన మిస్సైల్ వెలుగు చూసి పాకిస్తాన్ నౌక ఖైబర్ దాన్ని విమానం అనుకుంది, విమానాలు దాడి చేశాయనే మెసేజ్ పంపింది. తమ మీదికి వస్తున్నదేమిటో కూడా వాళ్ళకి తెలియలేదు. మనం గెలిచిన యుద్ధమే, గర్వంగానే రాయి, కానీ ఆ ఓడలో ఉన్నవాళ్ళ అయోమయం కూడా రాయి.

‘యుద్ధనౌకల కాలం చెల్లింది’ అని ముగించావు కదా, ఆ వాక్యం దయచేసి కొట్టెయ్. 1967లో ఈజిప్టు చిన్న పడవలు మిస్సైళ్ళతో ఇజ్రాయెల్ యుద్ధనౌక ఐలాత్‌ని ముంచినప్పటి నుంచీ ఆ మాట వినపడుతూనే ఉంది. ఆరేళ్ళకే, 1973లో సిరియా రేవు లటాకియా దగ్గర, అవే రకం మిస్సైళ్ళని ఇజ్రాయెల్ పడవలు చాఫ్‌తో, జామింగ్‌తో (రాడార్ సంకేతాల్ని చెడగొట్టి) దారి తప్పించి ఒక్కటీ తగలకుండా బయటపడ్డాయి. 1991లో అమెరికా యుద్ధనౌక మిస్సోరి వైపు వచ్చిన ఇరాక్ సిల్క్‌వర్మ్ మిస్సైల్‌ని బ్రిటన్ నౌక గ్లౌస్టర్ కూల్చింది. 2024 జనవరిలో ఎర్ర సముద్రంలో అమెరికా నౌక గ్రేవ్లీ దగ్గరికి ఒక మిస్సైల్ సుమారు మైలు దూరం దాకా వచ్చేసింది, చివరికి ఫాలాంక్స్‌తో పడగొట్టారు. ఒకసారి వీళ్ళది, ఒకసారి వాళ్ళది పైచేయి అవుతున్న చోట నువ్వు తీర్పు చెప్పెయ్యకు.

నీ పాఠకుల్లో విశాఖ నేవీ కుటుంబాలు ఉంటాయి, మన నౌకల్ని కాపాడే మధ్యశ్రేణి మిస్సైళ్ళు తయారుచేసే హైదరాబాద్ బీడీఎల్ (భారత్ డైనమిక్స్)‌లో పనిచేసేవాళ్ళూ ఉంటారు. తప్పు రాస్తే వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళని రహస్యాలేవీ అడగొద్దు, అది నీకూ వాళ్ళకీ మంచిది కాదు. రిటైరైన నావికుడు ఎవరైనా మాట్లాడతానంటే వాచ్ డ్యూటీ గురించి అడుగు, గంటల తరబడి ఏమీ జరగని స్క్రీన్ ముందు కూర్చుంటే కళ్ళకీ మనసుకీ ఏమవుతుందో అడుగు. ఎంక్వైరీ రిపోర్టుల్లో అది రెండు ముక్కల్లో ఉంటుంది, ఆ మనిషి చెబితే పూర్తిగా తెలుస్తుంది.

పట్టిక తీసెయ్. ఈసారి బ్రిటన్ యుద్ధనౌక గ్లామోర్గాన్‌తో మొదలుపెట్టి చూడు: ఫాక్‌లాండ్స్ యుద్ధంలోనే, 1982 జూన్ 12న, నేల మీద ట్రెయిలర్‌కి బిగించిన ఎక్సోసెట్ వస్తోందని తెలిసి, ఉన్న కొద్ది సెకన్లలో ఓడని గట్టిగా తిప్పి వెనక భాగాన్ని దానికి ఎదురు పెట్టారు. 14 మంది చనిపోయారు, ఓడ మాత్రం మునగలేదు. స్టీరింగ్ ఆర్డర్ దగ్గర మొదలుపెట్టి, షెఫీల్డ్ వార్‌హెడ్ పేరా సరిచేసి పంపు, ఈ వారంలోనే చదివి చెబుతాను.