సిరోంచ పోతున్నవట గద బిడ్డా

బిడ్డా, వచ్చే ఐతారం దోస్తులతోటి సిరోంచ పోతున్నవని మీ అమ్మ పొద్దుగాల ఫోన్ల చెప్పింది, చెప్పినకాడికెల్లి నాకు చేతుల పని ఆడుతలేదు. పొయ్యి మీద పాలు పొంగి పొయ్యంత పాడైంది. మా ఇంట్ల ఆడపిల్ల రాళ్ల చదువు చదివి, ఆ రాళ్లు చూడనీకి వేరే రాష్ట్రం, మహారాష్ట్రకు పోతందంటే ఛాతి ఇంత అయింది, గంగ, అదే మన గోదారి, దాటి పోతందంటే మళ్ల గుండె దడదడ. ఫోన్ల చెప్తే సగం ఇని "సరే బాపమ్మా సరే" అని పెట్టేస్తవ్, అందుకే రాసి పంపుతున్న. రాసుడంటే నేను నోటితోని చెప్తున్న, ఫోనే కొడ్తంది, నేనొకటంటే అదొకటి కొడ్తది, మళ్ల దిద్దుడు నాకే. తప్పులుంటే సదురుకో.

చిన్నచిన్నయి ముందుగాల చెప్పేస్త. ఆధార్ కార్డు అసలుది పెట్టుకో, కాలేజి ఐడీ కార్డు గూడ పెట్టుకో, అడిగినోళ్లకు చూపియ్యాలె, ఎదురు మాట్లాడొద్దు. బస్సుల జీరో టికెట్ మన రాష్ట్రం ఉన్నంత దాకనే, గంగ మీది బ్రిడ్జి అవతల నడవది. అక్కడి సర్కారు బస్సులు, ఎస్టీ బస్సులంటరు, వాటిల్ల ఆడోళ్లకు సగం టికెట్ అంటరు, దొరికితే ఎక్కు, లేకుంటే ఆటో. ఆటో ఎక్కేముందే పైసలు మాట్లాడుకోండ్రి. హన్మకొండల పొద్దుగాల ఫస్ట్ బస్సు పట్టుకోవాలె, భూపాలపల్లి, కాటారం, మహదేవ్‌పూర్ మీదికెల్లి కాళేశ్వరం చేరనీకే మూడు గంటలు పడ్తయి. లేటుగ లేసి తయారై, మధ్యలో ఫోటోలు దిగి, చాయ్ తాగి పోదామంటే ఆడికి పోయేసరికే మధ్యాహ్నం.

మీ జట్టుల ఇద్దరు పోరగాండ్లు ఉన్నరట గద, వాళ్లకు నా మాటగ చెప్పు. గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి మందు బందు. మనకాడ లెక్క గల్లీకొక దుకాణం ఉండది. బ్యాగుల బీరు సీసాలు పెట్టుకొని బ్రిడ్జి ఎక్కితే పిక్నిక్ కాడికి గాదు, ఇంకోకాడికి పోతరు. నవ్వకు, వయసుల ఉన్నోళ్లకు చెప్పాల్సిందే. ఇగ లోపలి అడవి రోడ్లకు ఎవరు రమ్మన్నా పోవద్దు, ఊరు, ఆ వడధం రాళ్ల పార్కు, అంతే. రాళ్ల పార్కుకు పోయేముందు ఫారెస్టోళ్లను అడిగి పోండ్రి. ఒక్క రాయిపెంక గూడ జేబుల ఏసుకోవద్దు, అది నీకే ఎక్కువ ఎరుక.

ఆ వడధం రాళ్ల గురించి నువ్వు మొన్న దసరాకు చెప్తుంటె నేను నోరు తెరుచుకొని ఇన్న. కోట్ల ఏండ్ల కింద కట్టెలు రాళ్లయినయని, అక్కడ కోట అనే ఊరి పేరే ఆ రాళ్ల పొరకు పెట్టిండ్రని, ఆ దిక్కు పోచంపల్లి ఊరికాడ దొరికిన పెద్ద జంతువు ఎముకలు కలకత్తకు తీస్కపోయి నిలబెట్టిండ్రని, దానికి ఠాగూర్ పేరు కలిసేటట్టు బారాపాసారస్ టాగోరై అని పెట్టిండ్రని. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల ఉన్న ఎముకల గూడు మన దిక్కు యామన్‌పల్లిల దొరికిందే అన్నవ్. మా మరదలు, అంటే మీ తాత చెల్లె, ఆమె ఇంటి ఎనక బట్టలుతికే బండ ఉండె బిడ్డా, సిరోంచల. చూడనీకి కట్టెమొద్దు లెక్కనే, గీతలు గీతలు, బెరడు గూడ ఉన్నట్టే, కని కొడితే టంగుమంటది, రాయి. మేము దాని మీద చీరలు బాది ఉతికినం. నువ్వు చెప్పినంక అనుకున్న, అయ్యో కోట్ల ఏండ్ల చెట్టు మీద సబ్బు రుద్దినం గద అని.

భాష గురించి రంది పెట్టుకోకు. బోర్డులు మరాఠీల ఉంటయి, మాట్లాడేది చాలమంది తెలుగే. మా మామ చెప్పేటోడు, వెనకటికి ఆ ఒడ్డు ఈ ఒడ్డు రెండు నిజాముయే, 1860ల ఆ ఒడ్డును ఇంగ్లీషోళ్లకు ఇచ్చేసిండు అని. కాయితం మీద గీత పడ్డది గని పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు ఆగలే. మాది కాళేశ్వరం, మీ తాత చెల్లెను, అంటే మీ నాయిన మేనత్తను ఇచ్చింది సిరోంచ. మాకు అది ఇంకో రాష్ట్రం గాదు, ఎదురుగ కనపడే ఊరు.

ఇగ అసలు సంగతి. ఇది నేను ఎవరికీ పూర్తిగ చెప్పలే, మీ తాతకు గూడ.

1988, శ్రావణమాసం. ఆ మరదలుకే బిడ్డ పుట్టింది, తొట్టెల చేస్తున్నమని కబురు పంపిండ్రు. మీ తాత గోదావరిఖనిల బొగ్గుబాయి డ్యూటీల ఉన్నడు, వారానికొకపారి వచ్చేటోడు. నేను వెండి కడియాలు కొంగున కట్టుకొని బయలెల్లిన. మీ నాయినకు అప్పుడు ఆరేండ్లు, నేనొస్త నేనొస్త అని కొంగు ఇడిసిపెడ్తలేడు. వాడికి దగ్గు ఉండె. వద్దు బిడ్డా, మాపటికల్ల వస్త, బొంగరం తెస్త అని మా అత్తకు అప్పజెప్పి వచ్చిన.

అప్పుడు బ్రిడ్జి లేదు, ఏం లేదు. ఎండకాలమైతే ఇసుకల నడిచి, ఉన్న కాడ మోకాటి బంటి నీళ్లల్ల దాటి పోయేది, వానకాలమైతే నాటు పడవ. పడవ నడిపే ముసలాయన నన్ను దింపేటప్పుడు దోసిట్ల నీళ్లు ముంచి చూపెట్టిండు. "సూడు బిడ్డా, నీళ్లు ఎర్రగైనయి, నురుగు పట్టింది, మీదికెల్లి వస్తంది. మూడు గొట్టంగ రేవుల ఉండు, నేను ఆగ" అన్నడు. నేను మీదికి చూసిన. మబ్బు లేదు, కడిగిన పళ్లెం లెక్క ఉంది ఆకాశం, చమట కారుతంది. ముసలాయనకు చాదస్తం అనుకున్న.

అది తప్పు బిడ్డా, ఆకాశం చూసుడు. ఇక్కడ గంగల కలిసే ప్రాణహిత మన వానకు రాదు. వార్ధా, వైనగంగ రెండు కలిసి ప్రాణహిత అయితది, నాగపూర్, భండారా దిక్కు వాన కొడితే ఇక్కడ ఎండ కొడుతుంటెనే గంగ లేస్తది. మా అత్తకు ఎరుక, ఆ పడవాయనకు ఎరుక, మేము ఆ గడ్డ మీద పుట్టి పెరిగినోళ్లం గాదు, కోడండ్లం, మాకు చెప్తే గూడ ఎక్కలే.

తొట్టెల అయింది, పాటలు అయినయి, బువ్వ తిన్నం. అందరికీ ఏం చెప్పిన్నంటే, ముచ్చట్లల్ల పడి పొద్దు మర్చిపోయిన్నని. అది అబద్ధం. నేను పడుకున్న. బువ్వ తిన్నంక మా మరదలు అత్త "జరసేపు ఒరుగు బిడ్డా, ఇంత దూరం వచ్చినవ్" అని చాప ఏసింది. నాకు పెండ్లై ఎనిమిదేండ్లు, ఆ ఎనిమిదేండ్లల్ల పగటి పూట నన్ను పడుకో అన్నోళ్లు లేరు. బర్రె, పొయ్యి, పొలం, పిల్లగాడు. ఇంకొకరు వండి పెడ్తే తిని, చాప మీద ఒరిగిన, సల్లగ గాలి వస్తంది, పసిబిడ్డ తొట్టెల కిర్రు కిర్రుమంటంది... లేసేసరికి గోడ మీద ఎండ ఎర్రగైంది.

ఉరికిన. చెప్పులు గూడ ఏసుకోలే. రేవుకాడికి పోయేసరికి పొద్దుగాల నేను దిగిన మెట్టు లేదు, దాని మీది మెట్టు లేదు. చెట్లకు చెట్లు కొట్టుకొస్తున్నయి. పడవ అవతలి ఒడ్డున చిన్న గీత లెక్క కనపడ్తంది. ఆయన మూడున్నర దాక ఆగిండట పాపం, ఇగ ఆగితే పడవే దక్కదని పోయిండట. పొద్దుగూకినంక అవతల గుడికాడ దీపాలు కనపడ్డయి. కాళేశ్వరముక్తీశ్వరుని గుడి, రోజు నేను వాకిలి ఊడ్చేటప్పుడు చూసే గుడి. అంత దగ్గరున్నట్టే ఉంది. ఫోన్ లేదు, కబురు లేదు. నేను బతికున్ననా, పడవల పోయిన్ననా, వాళ్లకు తెలిసే తొవ్వ లేదు.

రెండు రాత్రులు చూసినం, గంగ దిగలే. మూడో రోజు మా మరదలు మొగడు పైసలిచ్చి ఎస్టీ బస్సు ఎక్కిచ్చిండు. సిరోంచ నుంచి ఆలపల్లి, ఆలపల్లి నుంచి బల్లార్షా, ఆడ రైలెక్కి కాగజ్‌నగర్, మంచిర్యాల దాటి రామగుండంల దిగి, ఖనిల మీ తాతను బాయి మీదికెల్లి పిలిపిచ్చి, ఇద్దరం మళ్ల మంథని, కాటారం, మహదేవ్‌పూర్ బస్సులు. కండ్ల ముంగట కనపడే ఊరికి పోనీకి రెండు రోజులు తిరిగిన. మీ తాత తొవ్వంత ఒక్క మాట మాట్లాడలే, కాటారంల ఒక్క అరటిపండు కొనిచ్చిండు, అది చేతుల పట్టుకొనే కాళేశ్వరం దాక పోయిన.

పోయేసరికి మా అత్త రేవు మెట్ల మీద కూసుంది, మీ నాయిన ఆమె ఒళ్లె పడుకున్నడు. మూడు రోజులు ఆడనే ఉన్నడట, ఇంటికి తీస్కపోతే మళ్ల ఉరికొచ్చుడు. నన్ను చూసి ఏడుస్తడు, కొడ్తడు అనుకున్న. ఏం చెయ్యలే. వచ్చి నా కొంగు కొస తీస్కొని వాని అంగి గుండీకి ముడేసుకున్నడు. నెల దినాలు అట్లనే పడుకున్నడు, రాత్రి నేను లేస్తె వాడు లేసేటోడు.

ఆ రాత్రి నాతోని అన్నడు, "నువ్వు అవతలి ఒడ్డున ఎర్ర చీర ఊపినవ్ గదనే, నేను చూసిన, నేను గూడ ఊపిన" అని. నేను ఊపలే బిడ్డా. నా మీద ఉన్నది పచ్చ చీర. ఎవలో ఏమో, బట్టలు ఆరేసుకునేదో ఏదో. ఔ బిడ్డా ఊపిన అన్న. ముప్పై ఏండ్లు దాటింది, ఇప్పటికీ వాడికి చెప్పలే. నువ్వు గూడ చెప్పకు.

ఇప్పుడు బ్రిడ్జి ఉంది గద బాపమ్మా అంటవ్, నాకు ఎరుకే. ఐదు నిమిషాలల్ల దాటుతరు, నేను గూడ దాటిన, మొన్న సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం వచ్చినప్పుడు మీ బాబాయి కారుల తీస్కపోయి చూపెట్టిండు. అద్దం దించి కిందికి చూద్దామనుకున్న, చూడబుద్ధి కాలే, కండ్లు మూసుకున్న. నువ్వు సిరోంచ పోతనన్నప్పుడు మీ నాయిన పో అనలే వద్దనలే, తింటున్న పళ్లెం పక్కకు జరిపి లేసిపోయిండట గద, నువ్వేమో మూతి ముడుచుకున్నవట. వాడు చదువుకు అడ్డం పడెటోడు గాదు. నీ ఫీజుకు ఎవరిని అడిగిండో, ఎన్నిసార్లు అడిగిండో నాకు ఎరుక. వాడికి గంగ అవతలి ఒడ్డంటే ఇంకా ఆరేండ్లే.

గంగల దిగొద్దు. ఎన్నిమాట్ల చెప్పాల్నో అన్నిమాట్ల చెప్తున్న, దిగొద్దు, కాళ్లు కడుక్కుంటమని గూడ వద్దు, సెల్ఫీలని అసలే వద్దు. ఇసుక మంచిగనే కనపడ్తది, అడుగేస్తె గుంత. నెత్తి మీద జల్లుకోవాలంటే మెట్ల మీద నిలబడి చెంబుతోని. గుడికి పోతె ముందు కాలేశ్వరునికి, అంటే యమునికి మొక్కి, తర్వాత ముక్తీశ్వరునికి మొక్కాలె, ఒక్కటే పానవట్టం మీద రెండు లింగాలుంటయి, తారుమారు చెయ్యకు. మేడిగడ్డ బ్యారేజి చూస్తమని పక్కకు పోవద్దు, దానికి ఇంకో రోజు.

సద్ది కట్టుకపో. పులిహోర చెయ్యమని మీ అమ్మకు చెప్పిన, చింతపండు ఎక్కువ ఏస్తది ఆమె, చెప్పినా ఇనది. నీళ్ల సీసాలు రెండు. మధ్యాహ్నం బువ్వ తిన్నంక ఎవరన్న జరసేపు ఒరుగుండ్రి అంటె... వద్దులే, నువ్వు పడుకునేదానివి గాదు.

పైసలు ఐదు వందలు మీ అమ్మ ఫోన్‌కు కొట్టిచ్చిన, అడిగి తీస్కో, నాకు కావల్సింది ఏం లేదు, తేవద్దు. ఒకవేళ దుకాణంల కట్టె బొంగరం కనపడ్తె చూడు. ప్లాస్టిక్‌ది వద్దు.

మూడు గొట్టంగ బ్రిడ్జి ఇవతల ఉండాలె. ఇవతలికి వచ్చినంక ఒక ఫోటో దిగి మీ నాయినకు పంపు, నాకు గాదు, వాడికి. నేను మూడింటికి ఫోన్ చేస్త. ఎత్తకుంటె మళ్ల చేస్త, మళ్ల ఎత్తకుంటె మీ దోస్తులకు చేస్త, నంబర్లు మీ అమ్మ దగ్గర తీస్కున్న.

పైలం బిడ్డా.

మీ బాపమ్మ