ఊరికే ఉన్నవాడి కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్టు మొత్తం చదివాను. బాగుంది అని ఒక్క మాట పడేసి తప్పుకోవచ్చు గానీ నువ్వు అడిగింది అది కాదు కదా, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నీ హీరో బీటెక్ అయిపోయి తిరుపతిలో ఇంట్లోనే ఉన్నాడు. మొదటి ఇరవై పేజీల్లో మిద్దె మీద పడుకుని ఆకాశం చూస్తాడు, టీ తాగుతాడు, సిగరెట్ కాలుస్తాడు, ఎయిర్ బైపాస్ రోడ్డులో బండి మీద తిరుగుతాడు, వెనకాల పాట. ఇది సినిమాలు చూసి రాసిన ఖాళీ. మన ఊళ్ళో ఊరికే ఉన్న పిల్లోడికి మిద్దె ఎక్కేంత తీరిక ఎక్కడిదబ్బా?

రాజమండ్రి నుంచి పెదనాన్న వియ్యంకులు వస్తున్నారంటే రేణిగుంట స్టేషన్‌కి పోయేది వాడే. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు ఫోను, ల్యాప్‌టాపు ముందు పెట్టుకుని, అందరి ఆధార్ నంబర్లూ కాగితం మీద రాసుకుని కూర్చునేది వాడే. అవి దొరక్కపోతే వచ్చిన చుట్టాల్ని శ్రీనివాసం దగ్గరికో భూదేవి కాంప్లెక్స్ దగ్గరికో తీసుకుపోయి ఉచిత దర్శనం టోకెన్ల క్యూలో నిలబెట్టి, వాళ్ళ పిల్లోణ్ణి ఎత్తుకుని తిరిగేదీ వాడే. ఉద్యోగం చేసే అన్నకు లీవు దొరకదు, వీడిది మాత్రం ఎప్పుడూ లీవేనని ఇంటిల్లిపాదికీ నమ్మకం. పొద్దున్నించి రాత్రిదాకా పనే, పడుకునే ముందు చూసుకుంటే అందులో తన పని ఒక్కటీ లేదు. నువ్వు రాయాల్సింది ఇదీ. ఏమీ చేయనివాణ్ణి గంటన్నర చూడటం ఎవరికైనా కష్టం, అందరి పనులూ చేసిపెడుతూ తన పని మాత్రం ఏదో తెలియనివాణ్ణి ఎంతసేపైనా చూస్తాం.

పైగా నీకు దొరికిన ఊరు చూడు. ఆర్టీసీ బస్టాండులో దిగే ముసలామెను అడిగితే ఎందుకొచ్చిందో టక్కున చెబుతుంది, గుండుతో కొండ దిగొచ్చిన ఆయనా చెబుతాడు. ఊళ్ళోకి వచ్చే ప్రతివాడికీ ఒక మొక్కు ఉంది, ఇక్కడే పుట్టినవాడికి మాత్రం యాడికి పోవాలో తెలీదు. దీన్ని హీరో చేత డైలాగ్‌గా చెప్పించావో, నాకు మళ్ళీ స్క్రిప్టు పంపొద్దు. వాడి వెనకాల జనం నడుస్తూ ఉంటే చాలు, చూసేవాళ్ళకు కళ్ళున్నాయి.

డబ్బు సంగతి. నీ దగ్గర ఉన్నదాన్ని బట్టి కథ రాయి, కథ రాసేసి డబ్బు కోసం తిరగొద్దు. 1994లో అమెరికాలో వచ్చిన 'క్లర్క్స్' నీకు తెలిసే ఉంటుంది. కెవిన్ స్మిత్ తాను పనిచేసే కొట్టులోనే, సుమారు ఇరవై ఏడున్నర వేల డాలర్లతో, నలుపు తెలుపుల్లో తీశాడు. పగలు వ్యాపారం కాబట్టి షూటింగ్ రాత్రిళ్ళు, కథేమో పగలు జరగాలి. మరి బయట చీకటి కనపడకుండా ఎలా? షట్టర్ తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ పెట్టారు, షట్టర్లు తెరుచుకోవట్లేదు అని కథలోనే రాసుకున్నాడు. ఆ మూసుకుపోయిన కొట్టులో, వద్దనుకునే ఉద్యోగంలో ఇరుక్కున్న కుర్రాడి బతుకు అంతా చెప్పకుండానే తెలిసిపోతుంది. అక్కడి డైరెక్టరే రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన 'స్లాకర్' ఇంకో దారి, ఖర్చు ఇరవై మూడు వేల డాలర్లు, టెక్సాస్‌లోని ఆస్టిన్ ఊళ్ళో ఒక రోజు. కెమెరా ఒక మనిషిని కాసేపు చూసి పక్కన పోయేవాడి వెంట పడుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. హీరోయే లేకపోతే హీరో డేట్ల గొడవా లేదు! అలాగే తీయమని కాదు, నీ ఇబ్బంది ఏదో అదే కథలోకి ఎలా వస్తుందో ఆలోచించమని. మీ మామ జిరాక్స్ షాపు ఉందన్నావు కదా. కోచింగ్ పిల్లల అప్లికేషన్లన్నీ అక్కడికే వస్తాయి, నీ సినిమా సగం ఆ షాపులోనే అయిపోతుంది.

తలకోన జలపాతం మీద డ్రోన్ షాట్ తీసేయ్. అది నేషనల్ పార్కు, అటవీ శాఖ పర్మిషన్, బండ్లు, అందరికీ భోజనాలు, ఇంత చేసి సీన్‌లో జరిగేది ఏమీ లేదు. ఆ డబ్బు మైకుల మీద పెట్టు. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం లేచిపోతారు. గాంధీ రోడ్డు హారన్ల మధ్య ఏ మాట వినపడుతుందో ముందే వెళ్ళి రికార్డు చేసి చూసుకో.

మాటలంటే గుర్తొచ్చింది. నీ హీరో "నా జీవితానికి గమ్యం లేదు" అంటాడు. ఎవరంటారు నాయనా అట్లా? పక్కింటామె "ఏం చేస్తా ఉండాడు మీవోడు?" అంటే వాళ్ళమ్మ "ప్రిపేర్ అవతా ఉండాడు" అంటుంది. దేనికని ఆమె అడగదు, ఈమె చెప్పదు. గ్రూప్ టూ కావచ్చు, బ్యాంకు కావచ్చు, రైల్వే కావచ్చు. ఇరవై నాలుగేళ్ళవాడికి ఆ ఒక్క మాట ఇల్లంతా కలిసి కప్పిన దుప్పటి. నీ స్క్రిప్టులో ఉన్న రెండు పేజీల మనోవ్యథ కొట్టేసి ఇది పెట్టు. యాస కూడా మనదే ఉండనీ, అయితే నవ్వించడానికి వాడొద్దు, ఇంట్లో మాట్లాడుకున్నట్టే వాడు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది చెల్లెలు. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసిందని రాశావు, తీరా చూస్తే ఆమె కాఫీ ఇచ్చి లోపలికి పోతుంది. దారి తెలియక నాలుగేళ్ళు తిరగడం మనదగ్గర మగపిల్లలకే దొరికే వసతి. ఆమెకు ఆరు నెలలు ఖాళీగా ఉంటే సంబంధాలు మొదలు. 2002 నాటి అమెరికా సినిమా 'ఫన్నీ హా హా'లో చదువైపోయి ఏం చేయాలో తోచక తిరిగేది ఒక అమ్మాయే, దాని బడ్జెట్టూ చిన్నదే. మన సినిమాల్లో అట్లా తిరిగే ఆడపిల్లను వెతుక్కోవాల్సిందే. ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం బస్సెక్కి చంద్రగిరి కోట దాకా పోయి, ఏమీ చేయకుండా తిరిగొస్తే ఇంట్లో ఎన్ని ప్రశ్నలు పడతాయో రాసి చూడు. అన్న సినిమాకన్నా అదే పెద్దదవుతుందేమో, అయితే కానీ, అన్నను పక్కన పెట్టు.

చివర్లో వాడికి ఆఫర్ లెటర్ వచ్చి, వాళ్ళమ్మ అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెట్టే సీన్ మీ నాన్న కోసం రాసినట్టుంది. ఉద్యోగం రావడం తప్పు కాదు, కానీ అది నడిమధ్యలోనే రానీ, మూడో నెల జీతం పడ్డాక కూడా వాడికి ఏం కావాలో తెలియకపోతే అప్పుడు నీ దగ్గర రెండో సగం ఉంటుంది.

చెల్లెలి సీన్లు ముందు రాయి. మొత్తం సరిచేసేదాకా ఆగొద్దు, అవొక్కటే పంపు. డ్రాఫ్టు పీడీఎఫ్‌లో కాకుండా వర్డ్‌లో పెట్టు, మార్జిన్‌లో గీకడానికి వీలుగా ఉంటుంది. మామ షాపు కొలతలు, కరెంటు పాయింట్లు ఎన్ని ఉన్నాయో కూడా రాసి పంపు.

అన్న