బంపర్‌కి గ్లూ ఎందుకు అంటదు?

కారు ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాది 8 ఏళ్ల హ్యాచ్‌బ్యాక్ అండి. సెల్లార్లో రివర్స్ తీస్తుంటే పిల్లర్‌కి తగిలి వెనక బంపర్ లాక్ విరిగింది, పక్కనే జానెడు క్రాక్ కూడా వచ్చింది. ఇన్‌స్టంట్ గ్లూ మూడు ట్యూబులు పోశా, ఆరాక రాయిలా ఉంది, తీరా చూస్తే మర్నాడు స్పీడ్ బ్రేకర్ దగ్గర టప్పుమని ఊడింది. తర్వాత రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ పెట్టా, అది ఇంకా అన్యాయం, గోరుతో లాగితే బిళ్లలాగా మొత్తం లేచొచ్చేసింది. షాపాయన నకిలీది అంటగట్టాడంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: షాపాయన్ని అనుమానించకండి, గ్లూ మంచిదే అయ్యుంటుంది. "బిళ్లలాగా లేచొచ్చింది" అన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. గ్లూ విరగలేదు, ప్లాస్టిక్ చీరలేదు, రెండూ క్షేమంగా విడిపోయాయంటే అవి అసలు అంటుకోనేలేదన్నమాట.

బంపర్ లోపలివైపు టార్చ్ వేసి చూడండి, రెండు బాణం గుర్తుల మధ్య చిన్న ఇంగ్లీషు అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. మీది పీపీ ప్లస్ ఈపీడీఎం అని ఉంటుందని నా అంచనా, ఎందుకంటే ఇప్పటి బంపర్లు ఎక్కువ శాతం అవే. పీపీ అంటే పాలీప్రొపిలీన్, మన వంటింటి ప్లాస్టిక్ డబ్బాల జాతి, ఈపీడీఎం అంటే గుద్దుకుంటే వంగడానికి అందులో కలిపే రబ్బరు. చివర టీడీ20 అనో ఇంకోటో ఉంటే అది 20 శాతం టాల్క్ పొడి. ఈ పీపీ మీద గ్లూ తామరాకు మీద నీటిబొట్టు లాంటిదండి, పరుచుకోదు, పట్టుకోదు. ఫెవిక్విక్ లాంటివన్నీ సయనోఅక్రిలేట్ గ్లూలు, గాల్లో తేమతో సెకన్లలో గట్టిపడతాయి, కానీ గాజులా పెళుసు. బంపరేమో వంగే వస్తువు. అంటక ఒకటి, వంగక ఒకటి, ఇంక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడక ఏం చేస్తుంది.

అక్షరాలు కనపడకపోతే పెయింట్ గీకేసి ఓ చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. తేలితే పీపీ జాతే. మునిగితే మాత్రం ఏబీఎస్ (గ్లూ బాగా అంటే ఇంకో రకం ప్లాస్టిక్) అని సంబరపడిపోకండి, టాల్క్ ఎక్కువున్న పీపీ కూడా మునుగుతుంది. అప్పుడు ముక్క మీద అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఎక్కువగా ఉండే ద్రవం) ఓ చుక్క వేసి రుద్దండి, జిగటగా అయితే ఏబీఎస్, ఏమీ కాకపోతే చాలావరకు పీపీయే.

పీపీ అని తేలితే గ్లూ మాట మర్చిపోయి ప్లాస్టిక్ వెల్డింగ్‌కి వెళ్లండి. ఏ ఆటోనగర్‌లో అయినా చేసేవాళ్లు దొరుకుతారు. ముందు క్రాక్ ఆగిన చోట 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేయించండి, ఇది చాలామంది వదిలేస్తారు, కానీ వేయకపోతే ఆ గీత ఇంకా పాకుతూనే ఉంటుంది. తర్వాత వెనకవైపు నుంచి క్రాక్‌కి అడ్డంగా స్టీల్ పిన్నులు కాల్చి దించి, మీద పాత బంపర్ నుంచి కోసిన పట్టీలు కరిగించి నింపుతారు. ఆ పట్టీ కూడా పీపీదే అయ్యుండాలి, వేరే జాతి ప్లాస్టిక్ ముక్క పెడితే కలవదు. సోల్డరింగ్ ఐరన్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, కాకపోతే బయట గాలి తగిలే చోట, మాస్క్ పెట్టుకుని చేయండి, ఆ పొగ మంచిది కాదు. లాక్‌ని కూడా అలాగే అతికి వెనక మరో పొర వేయించండి, బరువంతా దాని మీదే కదా.

గ్లూతోనే కానిద్దాం అంటే దారి లేకపోలేదు. పీపీ కోసం ప్రత్యేకంగా ప్రైమర్లు దొరుకుతాయి, లాక్‌టైట్ 770 అలాంటిదే, అది ముందు రాసి ఆరాక ఇన్‌స్టంట్ గ్లూ పెడితే పట్టుకుంటుంది. చిన్న ట్రిమ్ ముక్కలకి ఓకే, మీ బంపర్ లాక్‌కి మాత్రం నేను నమ్మను.

ప్రశ్న: కూలెంట్ డబ్బా కింద సన్నగా చీలింది. మా మెకానిక్ ఎంసీల్ ముద్ద పెట్టి "తిరుమల దాకా వెళ్లొచ్చెయ్యండి సార్, ఏం కాదు" అంటున్నాడు. వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వద్దమ్మా. ముందు అది ఏ డబ్బానో చూడండి. ప్రెషర్ మూత ఆ డబ్బా మీదే ఉంటే లోపల సుమారు 1 బార్ ప్రెషర్, నీళ్లు 90 నుంచి 100 డిగ్రీల పైమాటే. ఆ ప్లాస్టిక్ కూడా ఎక్కువగా పీపీయే, పైన చెప్పిన గొడవే ఇక్కడా. పైగా ఫుల్ లోడుతో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతారు, ఆ వేడికి ముద్ద లేచిందా, కూలెంట్ మొత్తం రోడ్డు పాలు, ఆ వెనకే ఇంజిన్ వేడెక్కి లోపలి సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోతుంది. ఇంజిన్‌తో పోలిస్తే కొత్త డబ్బా ఎంతమ్మా, మార్పించే బయల్దేరండి. ప్రెషర్ మూత రేడియేటర్ మీద ఉండి ఇది ఉత్త ఓవర్‌ఫ్లో డబ్బా అయితే అంత కంగారు లేదు, ఎంసీల్‌తో ఊళ్లో నాలుగు రోజులు తిరగొచ్చు, రోజూ లెవెల్ చూసుకుంటూ. ఏ డబ్బా అయినా ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత తిప్పొద్దు.

ప్రశ్న: గ్రిల్ అతికిస్తుంటే గ్లూ హెడ్‌లైట్ మీద పడింది, నా వేళ్లు కూడా అంటుకున్నాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవొచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేళ్లకి వాడుకోండి, హెడ్‌లైట్ జోలికి వెళ్లకండి. అది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్, రిమూవర్‌లోని అసిటోన్ తగిలితే తెల్లబడి సన్నసన్న పగుళ్లొస్తాయి, అవి ఇక పోవు. మరక ఎండాక 1500, తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ మెల్లగా రుద్ది పాలిష్ పెట్టించండి. అలా రుద్దిన చోట పైకోటింగ్ పోతుంది, అందుకని మళ్లీ యూవీ కోటింగ్ వేయించకపోతే ఎండకి పచ్చబడుతుంది. ఇంకోటి, కారుతున్న గ్లూని కాటన్ గుడ్డతో తుడవకండి, కాటన్‌కి తగిలితే ఈ గ్లూ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.