ఫార్మ్‌డితో పాటు ప్రజారోగ్యమూ చదవవచ్చా?

ప్రశ్న: నేను ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఐదో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో ఫార్మ్‌డి, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండూ కలిపి చదివే వీలుందని విన్నాను. ఇక్కడ అలా కుదురుతుందా? ఎంపీహెచ్ వైపు వెళితే ఆరేళ్ల ఫార్మసీ చదువు వృథా అవుతుందని ఇంట్లో అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు విన్నది నిజమే. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల ఫార్మ్‌డికి ఎంపీహెచ్‌ను జోడించి, కొన్ని క్రెడిట్లను రెండు డిగ్రీలకూ లెక్కలోకి తీసుకుని, విడివిడిగా చదివితే పట్టే కాలాన్ని తగ్గిస్తాయి. అయితే ఆ ఏర్పాటు అక్కడి ఫార్మ్‌డిలో చేరినవారికే. మన దగ్గర ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో దారి తెరిచినా, వార్డులతోనూ ప్రాజెక్టుతోనూ ఊపిరి సలపని మీకు అది కాగితం మీది సౌకర్యమే. ఇంటర్న్‌షిప్ ముగించి, ఆ తర్వాతే ఎంపీహెచ్‌లో చేరండి.

ఇక వృథా అన్న మాట. క్షయ మందులు వాడుతున్న రోగికి కామెర్లు వచ్చాయనుకోండి. మీరు కాలేయ పరీక్షల రిపోర్టు చూసి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్‌లలో దేన్ని అనుమానించాలో ఆలోచించి, మందు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో, ఆపాక తగ్గిందో లేదో దుష్ప్రభావాల ఫారంలో నింపుతారు. అలాంటి ఫారాలు దేశం నలుమూలల నుంచి మందుల దుష్ప్రభావాల సమాచారం సేకరించే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు చేరతాయి. కానీ వాటన్నిటినీ కలిపినా చేతికి లవం (ఫారంలోకి ఎక్కిన కేసుల సంఖ్య) దొరుకుతుందే తప్ప హారం (ఆ మందు వాడినవారి మొత్తం సంఖ్య) దొరకదు. అవే మాత్రలు మింగి ఏ ఇబ్బందీ పడనివారు ఎందరు, కామెర్లు వచ్చినా ఎవరూ ఫారం నింపనివారు ఎందరు, వారిలో మద్యం అలవాటో హెపటైటిస్ బియో ఉన్నవారు ఎందరు అన్నది ఫారాలు చెప్పవు. ఆ హారాన్ని రాబట్టే పద్ధతులనే ఎంపీహెచ్‌లో ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధుల తీరును పరిశీలించే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) పేరిట నేర్పుతారు. మందుల సంగతి తెలియకుండా ఆ లెక్కలు మాత్రమే నేర్చినవారికి మోతాదులో తేడా, రెండు మందుల మధ్య పొసగకపోవడం వంటివి సులువుగా కంటపడవు, మీకు పడతాయి. కాబట్టి మీ చదువు వృథా పోదు, అదే మీ పెట్టుబడి.

ఈ ఏడాది ఫార్మకోఎపిడెమియాలజీ (జనంలో మందుల వాడకాన్ని, ప్రభావాన్ని పరిశీలించే సబ్జెక్టు) మీకు ఎలాగూ ఉంది. దాన్ని పరీక్ష గట్టెక్కే సబ్జెక్టుగా చూడకండి. ప్రాజెక్టులో కూడా వార్డులోని కేసులను లెక్కించి శాతాలు వేయడంతో సరిపెట్టకుండా, ఓపీకి వచ్చినవారు మొత్తం ఎందరు, వారిలో యాంటీబయాటిక్ రాసింది ఎందరికి అన్న తరహా ప్రశ్న ఎంచుకోండి. ఈ పని విసుగు పుట్టిస్తే ఎంపీహెచ్ ఆలోచన మానుకోవచ్చు, రెండేళ్లూ ఫీజూ మిగులుతాయి!

కోర్సుల విషయానికి వస్తే, హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తిరువనంతపురంలో అచ్యుత మీనన్ కేంద్రం ఉంది. అర్హతలు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటాయి కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

అమెరికా వెళ్లదలిస్తే ఎంపీహెచ్ డిగ్రీతో ఫార్మసిస్టు లైసెన్సు రాదని ముందే గ్రహించండి. దానికి ఎఫ్‌పీజీఈఈ (విదేశాల్లో ఫార్మసీ చదివినవారికి అక్కడ పెట్టే అర్హత పరీక్ష)తో మొదలయ్యే దారి వేరు. అందుకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు కావాలి గనుక, నాలుగేళ్ల బీఫార్మసీ వారికి లేని వెసులుబాటు మీకు ఉంటుంది. మరొకటి, అక్కడ ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ కోర్సులు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నాయి, సాధారణ ప్రజారోగ్యం కోర్సు లేదు. చదువయ్యాక పని చేసుకునే గడువు దీన్ని బట్టే మారుతుంది కాబట్టి, ఫీజు కట్టకముందే మీ కోర్సు ఏ కోడ్ (కోర్సు ఏ వర్గానిదో తెలిపే సంఖ్య) కింద నమోదైందో విశ్వవిద్యాలయాన్ని అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.