వై కొట్టే ముందు

తమ్ముడికి,

లేవని రెయిడ్‌ని, అంటే కొన్ని డిస్కులు కలిపి ఒకటిగా వాడే ఏర్పాటుని, తిరిగి లేపడం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే మళ్లీ ఒకసారి చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. నాలుగో పేజీలో రెయిడ్‌ని కొత్తగా కట్టే క్రియేట్ కమాండ్ ఇచ్చి, దాని కింద "ఇప్పుడు ఏదో ప్రశ్న అడుగుతుంది, వై కొట్టేయండి, ఏం కాదు" అని రాశావు. ఈ ఉత్తరం ఆ "ఏం కాదు" గురించే.

పెళ్లి వీడియోల స్టూడియో యజమాని మీద రాసిన పేరా బాగుంది. ఆయన స్క్రీన్ వైపు చూడకుండా, బల్ల మీద పెట్టిన నాలుగు డిస్కుల వైపే చూస్తూ "వీటిల్లో పోయినోళ్లు కూడా ఉన్నారు బాబూ" అన్నాడే, అక్కడ ఒక్క అక్షరం కూడా కదపకు.

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పినదాని ప్రకారం, కరెంటు హెచ్చుతగ్గులకు తెనాలి స్టూడియోలో సర్వర్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు తెచ్చి పాత డిస్కులు నాలుగూ తగిలించావు. లైనక్స్‌లో ఎండీఆడ్మ్ అనే ప్రోగ్రాంతో కట్టిన రెయిడ్ 5 అది, అంటే ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి డేటా దక్కే రకం. లేవలేదు. ఎక్కడో దొరికిన స్టాప్, క్రియేట్ కమాండ్లు వరసగా కొట్టావు. లేచింది. పెళ్లి వీడియోలన్నీ వచ్చేశాయి. సంతోషం. కానీ ముందు ఎందుకు లేవలేదో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. "బోర్డు మారడంతో రెయిడ్ పోయింది" అని తేల్చేశావు.

పోలేదు తమ్ముడూ. ఎండీఆడ్మ్ రెయిడ్ వివరాలు బోర్డులో ఉండవు, డిస్కుల మీదే ఉంటాయి. ప్రతి డిస్కులోనూ ఒక సూపర్‌బ్లాక్ ఉంటుంది. ఇప్పుడు మామూలుగా వాడే 1.2 రకంలో అయితే అది డిస్కు మొదలు నుంచి 4 కేబీ దూరంలో ఉంటుంది. నేను ఏ రెయిడ్‌కి చెందినదాన్ని, అందులో ఎన్నో డిస్కుని, చంక్ (ఒక్కో డిస్కు మీద ఒక్కోసారి రాసే ముక్క) ఎంత, డేటా ఎక్కణ్ణుంచి మొదలవుతుంది, ఎన్నో ఈవెంట్ (రెయిడ్‌లో మార్పు జరిగినప్పుడల్లా పెరిగే అంకె) దాకా మిగతా డిస్కులతో కలిసి నడిచాను, అన్నీ అందులో రాసి ఉంటాయి. బోర్డు మార్చినా, కేబుళ్లు అటూ ఇటూ అయినా, లైనక్స్ డిస్కులకు పెట్టే పేర్లు మారి నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీసీ అయినా ఆ రాత చెరగదు.

అసలు కారణం నీ వ్యాసంలోనే ఉంది. నువ్వే దాన్ని గమనించకుండా దాటిపోయావు. "మొదట రెండు డిస్కులే కనిపించాయి, మిషన్ ఆన్‌లో ఉండగానే పోర్టులు మార్చితే మిగతా రెండూ వచ్చాయి" అని ఒక చోట అన్నావు. ఇంకో చోట "ఎండీ127 అని ఏదో కనిపించింది, పట్టించుకోలేదు" అన్నావు. మరో చోట "అసెంబుల్ కొడితే డివైస్ బిజీ అంది, అందుకని అది వదిలేశాను" అన్నావు. (డిస్కుల మీది రాత చదివి ఉన్న రెయిడ్‌నే లేపేది అసెంబుల్, కొత్తగా కట్టేది క్రియేట్.) ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడు. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటో రెండో శాటా పోర్టులు పనిచెయ్యవు. మాన్యువల్‌లో ఆ సంగతి ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొత్త బోర్డులో ఎస్‌ఎస్‌డీ పెట్టానని నువ్వే రాశావు. నాలుగు డిస్కుల రెయిడ్ 5 లేవాలంటే కనీసం మూడు ఉండాలి. రెండే కనబడేసరికి సిస్టమ్ ఆ రెండింటినీ పట్టుకుని, ఎండీ127 అని పేరు తగిలించి, ఇనాక్టివ్‌గా వదిలేసింది. తర్వాత మిగతావి వచ్చినా ఆ సగం కట్టిన ఎండీ127 డిస్కులను వదల్లేదు. బిజీ అన్నది అందుకే. దాన్ని స్టాప్ చేశాక క్రియేట్ బదులు ఇంకోసారి అసెంబుల్ కొట్టి ఉంటే పని అక్కడితో అయిపోయేది.

ఇప్పుడు ఆ ప్రశ్న సంగతి. అది "ఏదో ప్రశ్న" కాదు. ఈ డిస్కు ఇప్పటికే ఒక రెయిడ్‌లో భాగంలా ఉంది, లెవెల్ ఇది, డిస్కులు ఇన్ని, దాన్ని కట్టిన తేదీ ఇది అని ఒక్కో డిస్కు గురించీ చెప్పి, అయినా ముందుకెళ్లమంటావా అని అడుగుతుంది. ఆ తేదీ చూశావా? ఆ స్టూడియోలో మొదటిసారి రెయిడ్ కట్టిన రోజు అది. ఆ తేదీ చెప్పగలిగిందంటే సూపర్‌బ్లాక్ చెక్కుచెదరలేదన్నమాట. సూపర్‌బ్లాక్ బాగుందంటే నీకు కావలసింది క్రియేట్ కాదు, అసెంబుల్. నువ్వు వెతుకుతున్న జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. దాన్ని చదవకుండా వై కొట్టమని పాఠకులకు చెబుతున్నావు.

నాకు ఒక పట్టుదల ఉంది. నీ వయసు నుంచీ ఉంది. షరతు చెప్పకుండా కమాండ్ రాయకూడదు. ఏ పరిస్థితిలో కొట్టాలి, కొట్టేముందు స్క్రీన్ మీద ఏం కనిపించాలి, అది కనిపించకపోతే ఎక్కడ ఆగాలి, ఈ మూడూ లేని కమాండ్ రోగం అడక్కుండా మాత్ర పేరు చెప్పడం లాంటిది. ఈ మాట అన్నందుకు నన్ను ఛాదస్తుడన్నవాళ్లున్నారు. అననీ.

ఎందుకంటున్నానో చెబుతాను. పేరు అనవసరం, ఒక పత్రికకు ఇదే విషయం మీద వ్యాసం రాసిచ్చాను. ఎండీఆడ్మ్ కొత్త వెర్షన్లు వస్తున్న రోజులవి. 2009, 2010 ప్రాంతంలో దాని డిఫాల్టులు మారాయి. చంక్ 64 కేబీ ఉండేది 512 అయింది. పాత 0.90 సూపర్‌బ్లాక్ డిస్కు చివర్లో ఉండేది, కొత్త 1.2 మొదట్లోకి వచ్చింది. కాబట్టి పాత రెయిడ్ మీద కొత్త లైనక్స్ సీడీతో క్రియేట్ కొడితే కొలతలన్నీ తప్పిపోతాయి. ఇది పేజీన్నర రాశాను. ముందు సూపర్‌బ్లాక్ చదివి చూపించే ఎగ్జామిన్ కమాండ్ కొట్టండి, ఆ అవుట్‌పుట్ కాగితం మీద ఎక్కించుకోండి, చంక్, వెర్షన్, డిస్కుల వరస అన్నీ చేతిలో ఉంటేనే, అదీ వేరే దారి లేకపోతేనే క్రియేట్ జోలికి వెళ్లండి అని. సంపాదకుడు ఫోన్ చేసి "సోది ఎక్కువైంది, పాఠకుడికి కమాండ్ కావాలి, అది ఉంచుదాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అయినా అచ్చులో ఆ పేజీన్నర లేదు. కమాండ్ ఉంది, దాని కింద ఫైల్ సిస్టమ్ తెరుచుకోకపోతే దాన్ని రిపేరు చేసే ఎఫ్ఎస్‌సీకే నడపండి అన్న ముక్క ఉంది. పైగా డీటీపీలో రెండు చిన్న గీతలు కలిసి ఒక పొడుగు గీత అయిపోయాయి. ఆ కమాండ్ ఎవరు కొట్టినా పనిచెయ్యదు. అదొక్కటే మేలు అనుకున్నాను.

ఆ మేలు కూడా దక్కలేదు. పాలకొల్లు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఉత్తరం రాశారు. చుట్టుపక్కల ఊళ్లలో బుర్రకథలు, హరికథలు చెప్పేవాళ్ల పాటలు రికార్డు చేసి మూడు డిస్కుల రెయిడ్‌లో పెట్టుకున్నారాయన. మిషన్ పాడై వేరేది కొన్నారు. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు గీత సరిచేసి కమాండ్ కొట్టాడు. ప్రశ్న వచ్చింది, వై కొట్టాడు. రెయిడ్ 5ని కొత్తగా క్రియేట్ చేస్తే ఎండీఆడ్మ్ చివరి డిస్కును స్పేర్‌గా తీసుకుని మిగతావాటి నుంచి లెక్కగట్టి దాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగరాస్తుంది. రాత్రంతా అదే జరిగింది. తెల్లారాక ఫైల్ సిస్టమ్ తెరుచుకోలేదు. అక్కడ ఆగినా మిగిలిన రెండు డిస్కులతో ఏదో ఒకటి చెయ్యగలిగేవాళ్లం. కానీ పత్రికలో ఉంది కదా, ఎఫ్ఎస్‌సీకే నడిపాడు, అడిగిన ప్రతిదానికీ వై అన్నాడు. తప్పు కొలతలతో కట్టిన రెయిడ్ మీద అది చేసిన "రిపేరు" మూడు డిస్కుల్నీ కలియబెట్టేసింది. నేను బస్సెక్కి వెళ్లి చూశాను. అక్కడక్కడా కొన్ని ముక్కలు తప్ప ఏమీ దక్కలేదు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం పెట్టి పంపారు. ఆ సంపాదకుడికి ఉత్తరం జిరాక్స్ పంపితే జవాబు లేదు. తర్వాతి సంచికలో సవరణ వెయ్యమంటే "స్థలం లేదు" అన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

నీకు కలిసొచ్చింది. నీ రెయిడ్ ఈ మధ్య కట్టింది, అదే వెర్షన్ దగ్గరదగ్గరగా వాడావు, చంక్ కలిసింది, డేటా మొదలయ్యే చోటు కలిసింది, నువ్వు రాసిన వరసలోనే డిస్కులున్నాయి. అన్నీ సరిపోయాయి కాబట్టి తిరగరాసినా అదే డేటా పడింది. నీ పాఠకుడికి ఇవన్నీ కలిసొస్తాయని ఎవరు హామీ ఇస్తారు? డేటా మొదలయ్యే చోటు, అంటే డేటా ఆఫ్‌సెట్, ఒక్కటే చూడు. ఒకప్పుడు 1 ఎంబీ ఉండేది, తర్వాతి వెర్షన్లలో పెద్ద డిస్కులకు 128 ఎంబీ దాకా వెళ్లింది. మిగతావన్నీ సరిగా ఇచ్చినా అదొక్కటి తప్పితే చాలు.

కాబట్టి తిరగరాయి. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో పేపర్ రాయడంతో మొదలుపెట్టి పేజీన్నర చరిత్ర చెప్పావు. తీసెయ్. ప్రతిదాన్నీ పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టడం ఇప్పుడో ఫ్యాషనైపోయింది. రెయిడ్ లేవక టెన్షన్‌తో చెమటలు పట్టి చదివేవాడికి అదెందుకు? డిస్కులు కనబడని క్షణం నుంచి మొదలుపెట్టు. నీ శీర్షికలో "ఐదు నిమిషాల్లో" కూడా తీసెయ్. 4 టీబీ డిస్కును ఒకసారి మొత్తం చదవాలంటేనే, సెకనుకు 150 ఎంబీ చొప్పున వేసుకున్నా ఏడు గంటలు దాటుతుంది. యూట్యూబ్ వీడియోల వాళ్లు ముందు పెట్టే బొమ్మల మీద నుంచి ఆ మాట నీ వ్యాసంలోకి వచ్చింది.

ఆ తర్వాత చేతులు ఏం చేశాయో రాయి. ముందు మిషన్ ఆపి, ప్రతి డిస్కు సీరియల్ నంబరూ మార్కర్‌తో దాని మీదే రాసి, ఏ పోర్టులో ఉందో పక్కన వేసుకోవాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మకూడదని చెప్పు. స్మార్ట్ రిపోర్టులు (తన ఆరోగ్యం గురించి డిస్కే చెప్పేవి) చూడాలి. నాలుగు డిస్కుల ఎగ్జామిన్ అవుట్‌పుట్ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. ఇంతవరకూ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా పడదు. అప్పుడు ఈవెంట్ల అంకెలు పోల్చాలి. ఒక దాంట్లో 48210, ఇంకోదాంట్లో 48197 ఉంటే కొద్ది తేడాయే, అసెంబుల్‌కి ఫోర్స్ జోడించి చూడొచ్చు. వేలల్లో తేడా ఉంటే ఆ డిస్కు ఎప్పుడో రెయిడ్ నుంచి బయటికొచ్చేసింది, దాన్ని పక్కన పెట్టి మిగతా మూడింటితోనే లేపాలి.

అదీ పనిచెయ్యకపోతే ఓవర్‌లే. నీ వ్యాసంలో దీని ఊసే లేదు, నాకు అన్నిటికంటే బాధగా ఉంది ఇందుకే. ప్రతి డిస్కు మీదా డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ ఒకటి వేసి, దానికి వేరే డిస్కులో ఒక ఖాళీ ఫైల్ ఇస్తాం. చదివేటప్పుడు అసలు డిస్కు నుంచే చదువుతుంది, రాసేదంతా ఆ ఫైల్లో పడుతుంది. తప్పు వరసలో క్రియేట్ కొట్టావా, ఫైళ్లు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టుకో. అసలు డిస్కులు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. క్రియేట్ గురించి రాయాలనుకుంటే ఇక్కడ రాయి, అసూమ్ క్లీన్ (ఏ డిస్కునీ తిరగరాయకుండా ఉన్నది ఉన్నట్టే తీసుకోమనే మాట) పెట్టి, పాత ఎగ్జామిన్‌లోని కొలతలన్నీ ఇచ్చి, మౌంట్ రీడ్ ఓన్లీగా. పాలకొల్లులో ఇది చేసి ఉంటే ఆ పాటలు ఉండేవి.

ఇంకొకటి. బయాస్‌లో కట్టిన రెయిడ్, కార్డు మీద కట్టిన రెయిడ్, ఎండీఆడ్మ్ రెయిడ్, మూడింటినీ ఒకే గాటన కట్టావు. ఇంటెల్ బయాస్ రెయిడ్ అయితే బోర్డు మారగానే శాటా మోడ్ రెయిడ్‌లో కాకుండా ఏహెచ్‌సీఐలో ఉందేమో చూడాలి, విండోస్ "ఇనిషియలైజ్ చెయ్యనా" అంటే వద్దనాలి. కార్డు మారిస్తే డిస్కులు "ఫారిన్ కాన్ఫిగరేషన్" అని కనిపిస్తాయి, అక్కడ ఇంపోర్ట్ ఉంటుంది, దాని పక్కనే క్లియర్ ఉంటుంది. నీ వ్యాసంలో ఈ రెండు రకాల రెయిడ్ జోలికి పోకు. నువ్వు చేసింది ఒక్కటే, అదే రాయి.

రెయిడ్ 5 మంచిదా 6 మంచిదా అనీ, కలం పేరు పెట్టుకోనా అనీ అడిగావు. అవి తర్వాత.

వ్యాసం కంటే ముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ స్టూడియోకి వెళ్లు. క్రియేట్ చేశాక, డిస్కులన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూసే చెక్ ఒక్కసారైనా నడిపావా? నడిపి మిస్‌మ్యాచ్ కౌంట్ ఎంత వచ్చిందో చూడు. ఫోల్డర్లు కనిపిస్తున్నాయి కదా అని వదిలెయ్యకు, ఒక్కో ఏడాదివి రెండు మూడు పెద్ద వీడియోలు తీసి మొదటి నుంచి చివరిదాకా ఆడించు. ఆ తర్వాత యజమానితో ఒక పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు కొనిపించి మొత్తం కాపీ చేసి, దాన్ని స్టూడియోలో కాకుండా ఆయన ఇంట్లో పెట్టించు. చెక్‌లో ఏమైనా తేడా కనిపిస్తే ఏదీ ముట్టుకోకుండా వెంటనే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా ఫర్వాలేదు. కాపీ పూర్తయ్యాకే వ్యాసం తిరగరాయడం మొదలుపెట్టు.

ఉంటాను,
అన్నయ్య