సర్కారు తుమ్మను నరికితే చావదు

ప్రశ్న: మాకు 8 ఎకరాల బీడు, 60 జోడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) గొర్రెలు ఉన్నాయి. బీడంతా సర్కారు తుమ్మ కమ్మేసి గడ్డి మొలవడం లేదు. రెండుసార్లు నరికించినా మరింత గుబురుగా చిగురించింది. వేసవిలో నిప్పు పెడితే చస్తుందా? పొదల్లో కుందేళ్లు, కౌజు పిట్టలు కూడా ఉన్నాయి.
- ఒక రైతు, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: నిప్పు పెట్టకండి. పైకొమ్మలే కాలతాయి. ఈ చెట్టు మొగ్గలు నేలకు కాస్త దిగువన, వేరు మొదట్లో దాగి ఉంటాయి. నరికినా కాల్చినా అక్కడి నుంచే పిలకలు లేస్తాయి. మంటకు బలయ్యేది గడ్డి గింజలు, కౌజు పిట్టల గూళ్లు.

వాన పడి నేల మెత్తబడ్డాక మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, వేరును అక్కడ తెగగొట్టి మోడును పెకలించండి. పెద్ద చెట్లకు జేసీబీ తప్పదు. కర్రను బొగ్గుకు అమ్మితే ఖర్చు కొంత తిరిగి వస్తుంది.

కూలీలకు ముందుగా జమ్మి చెట్టును చూపించండి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. సర్కారు తుమ్మకు ఆకు మొదట్లో జంట ముళ్లుంటాయి. జమ్మికి కొమ్మ పొడవునా అక్కడక్కడా చిన్న ఒంటి ముళ్లుంటాయి. జమ్మి ఆకు జీవాలకు మంచి మేత, పోగొట్టుకోవద్దు. తవ్వేటప్పుడు కుందేలు లేస్తే వెంటపడటం మామూలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమని కూడా వారికి చెప్పండి.

ఎనిమిది ఎకరాలూ ఒకేసారి తవ్వించవద్దు. ఏడాదికి రెండెకరాలు చాలు. మందకు మేపు, పిట్టకు చాటు మిగులుతాయి. వంక వెంట ఉన్న రేగు, బలుసు పొదలను అసలు ముట్టుకోవద్దు.

తవ్విన చోట అక్టోబరు వానలకు ఎకరానికి స్టైలో హెమాటా (పప్పుజాతి మేత మొక్క) గింజలు 4 కిలోలు, అంజన్ గడ్డి 2 కిలోలు చల్లండి. స్టైలో గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో 4 నిమిషాలుంచి నీడన ఆరబెట్టాలి. అంజన్ గింజ గాలికి ఎగిరిపోతుంది కాబట్టి తడి ఇసుకతో కలపండి. కొత్త గింజ సరిగా మొలవదు, నిరుటిది తెచ్చుకోండి. మొదటి ఏడాది అందులోకి మందను తోలవద్దు. చాలామంది పచ్చదనం చూసి ఆగలేక ఇక్కడే చెడగొట్టుకుంటారు. గింజ రాలాక కోసి దొడ్డిలో వేయండి.

ఇక అసలు దొంగ మీ మందలోనే ఉంది. తొలకరికి దొడ్డి పెంటను కాలితో కదిపి చూడండి, తుమ్మ మొలకలు కనిపిస్తాయి. తీపి కాయలను గొర్రెలు ఇష్టంగా తింటాయి, గింజ మాత్రం అరగకుండా బయటికి వస్తుంది. కాయలు తిన్న మందను వారం రోజులు దొడ్డిలోనే కట్టి మేపాకే శుభ్రం చేసిన బీడులోకి వదలండి. ఆ పెంటను అక్కడ చల్లకండి. అయినా కొన్ని మొలుస్తాయి. వేలెడంత ఉండగా చేత్తో పీకేయవచ్చు, ఏడాది దాటితే మళ్లీ గునపం పట్టాల్సిందే.