కరపత్రం ఎవరి చేతిలో పడుతుంది?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో భాష బోధిస్తాను. నీటి పొదుపు మీద కరపత్రం రాయమని తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే, దాదాపు అందరూ ‘నీరు సకల జీవరాశికి ప్రాణాధారం’ అని మొదలుపెట్టి, రెండు పేరాల వ్యాసం రాసి, చివర రెండు నినాదాలు అతికించి తెచ్చారు. భాషలో తప్పులు లేవు. కానీ అది చదివి ఎవరూ తమ అలవాటు మార్చుకుంటారని నాకు అనిపించలేదు. ఒప్పించేలా రాయడం ఎక్కడి నుంచి నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ పిల్లలు వ్యాసం రాసి తేవడంలో వింత లేదమ్మా. వారు ఇంతవరకు రాసినదంతా చదివింది ఉపాధ్యాయులే. మార్కులు వేయాలి కనుక ఉపాధ్యాయులు చివరి వాక్యం దాకా చదివి తీరతారు. కరపత్రం అందుకున్న మనిషికి అటువంటి నిర్బంధం లేదు. ఆయన దాన్ని అడగలేదు, దాని కోసం ఎదురుచూడలేదు. ఏదో పని మీద వెళ్తుండగా ఎవరో చేతిలో పెడితే తీసుకున్నారు, మడిచి జేబులో పెట్టుకునేలోపు ఒకసారి చూస్తారు. ఆ చూపు ఎంత చిన్నదో పిల్లలకు అనుభవంలోకి వచ్చిన తర్వాతే వారి చేత కలం పట్టించాలని నా అభిప్రాయం.

ఇందుకు ఒక పీరియడ్ కేటాయించండి. ఇంటికి వచ్చిన కరపత్రాలు ఏవైనా సరే తెమ్మని, ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెట్టండి. ఒకరు తమ కాగితాన్ని ఐదు సెకన్లు చూపించి బోర్లించాలి. రెండోవారు అది ఎవరి కోసం రాసినదో, ఏం చేయమంటున్నదో చెప్పాలి. చాలా కాగితాలు ఈ పరీక్షలో తప్పుతాయి. ఎందుకు తప్పాయో పిల్లలే వెతుకుతారు: పెద్దక్షరాలన్నీ సంస్థ పేరుకే పోయాయని, అసలు సంగతి అడుగున చిన్నక్షరాల్లో ఉందని, ఐదు సంగతులు ఒకేసారి చెప్పబోయి ఏదీ మనసులో నిలవనివ్వలేదని.

ఆ తర్వాత చిత్తుకాగితం మీద రెండు వాక్యాలు మాత్రమే రాయించండి. ఈ కరపత్రం ఎవరికి? చదివాక వారు చేయవలసిన ఒక్క పని ఏమిటి? మొదటిదానికి ‘ప్రజలందరికీ’ అని రాస్తే వెనక్కి ఇచ్చేయండి. ‘మా బడిలో కుళాయి దగ్గర చేతులు కడుక్కునే ఆరో తరగతి పిల్లలకు’ అన్నప్పుడు రాసేవారికి ఎదుట ఒక ముఖం కనబడుతుంది. రెండోదానికి ‘నీటి విలువ తెలుసుకోవాలి’ అంటే అది పని కాదు, ఎందుకంటే తెలుసుకున్నారో లేదో ఎవరూ చూడలేరు. ‘చేతులకు సబ్బు రుద్దుకునేంతసేపు కుళాయి కట్టేయడం’ కళ్ల ముందు కనబడే పని. ఈ రెండు వాక్యాలు కుదరడానికి ఒక పూట పట్టినా తొందరపెట్టవద్దు. మీరు చెప్పిన ‘ప్రాణాధారం’ వాక్యం ఇక్కడే దానంతటదే రాలిపోతుంది.

మన భాషలో ఒక చిక్కు ఉంది, దాని మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. ‘నీటిని పొదుపు చేయాలి’ అన్న వాక్యానికి కర్త లేకపోయినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ఎవరు చేయాలి? చదివినవారు అది పక్కవారి పని అనుకుని ముందుకు సాగిపోతారు. ‘విజ్ఞప్తి చేయడమైనది’, ‘తెలియజేయునదేమనగా’ అన్న ప్రయోగాలూ ఇటువంటివే. వాటిలో అడిగే మనిషీ కనబడడు, వినే మనిషీ కనబడడు. పిల్లల చిత్తుప్రతిలో ‘-ఆలి’తో ముగిసిన ప్రతి వాక్యం కిందా గీత గీయించి, దాన్ని ‘మీరు’తో గాని ‘మనం’తో గాని తిరిగి రాయించండి. ‘కట్టేయండి’ అనడానికీ ‘కట్టేద్దాం’ అనడానికీ ఉన్న తేడా అప్పుడు చర్చకు వస్తుంది. తోటి పిల్లలకు రాసేటప్పుడు రెండోది దగ్గరగా వినిపిస్తుంది, ఒక నిర్దిష్టమైన పని అడిగేటప్పుడు మొదటిది సూటిగా తగులుతుంది.

ఇక ఆధారం. ఎక్కడో చూసిన పెద్ద అంకెను ఎత్తి రాయడం కంటే తాము కొలిచిన చిన్న అంకెకు బలం ఎక్కువ. కారుతున్న కుళాయి కింద గంటసేపు ఒక కొలపాత్ర పెట్టించండి. ఉదాహరణకు 200 మిల్లీలీటర్లు పడితే, రోజుకు 4.8 లీటర్లు, ఏడాదికి 1,752 లీటర్లు. ‘ఇది మేమే కొలిచాం’ అన్న మాట పక్కన ఉంటే చదివేవారు అంకెను నమ్ముతారు, అంకెతో పాటు రాసినవారినీ నమ్ముతారు. మాట్లాడేవారి మీద నమ్మకం, వినేవారిలో కలిగే భావం, వాదంలోని తర్కం అని ఒప్పించడానికి మూడు మార్గాలను గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రెండు వేల ఏళ్లకు పూర్వమే చెప్పాడు. ఆ మూడింటినీ ఒక కొలపాత్రతో చూపించవచ్చు.

కరపత్రాల చరిత్రలో పిల్లలకు చెప్పదగిన ఉదాహరణ ఒకటి ఉంది. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు నుంచి వచ్చిన చక్కెరను వాడవద్దని 1791లో విలియం ఫాక్స్ బ్రిటన్ ప్రజలకు ఒక కరపత్రం రాశాడు. ‘నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?’ అన్న సందేహం ప్రతి పాఠకుడికీ వస్తుందని ఆయనకు తెలుసు. అందుకే లెక్క వేసి చూపాడు: వారానికి 5 పౌండ్లు, అంటే సుమారు 2.27 కిలోల చక్కెర వాడే కుటుంబం 21 నెలలు దాన్ని మానేస్తే, ఒక మనిషి బానిసగా మారడమో చంపబడడమో తప్పుతుందన్నాడు. అంత పెద్ద అన్యాయాన్ని ఒక ఇంటి అలవాటు దాకా, ఒక మనిషి ప్రాణం దాకా తెచ్చి నిలబెట్టాడు. అడిగినది చేయగలిగిన పని, దాని ఫలితం కళ్లకు కట్టే ఫలితం. మీ పిల్లల చేత కూడా పాఠకుడి సందేహాన్ని ముందే ఊహింపజేసి, దానికి ఒక్క వాక్యంలో జవాబు రాయించండి. చాలా కరపత్రాల్లో లోపించేది ఈ వాక్యమే.

బొమ్మ విషయంలోనూ ఆ కాలమే మంచి పాఠం చెబుతుంది. మనుషులను పక్కపక్కనే కుక్కిన ‘బ్రూక్స్’ అనే బానిస నౌక రేఖాచిత్రాన్ని 1788లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పట్టణంలో బానిస వ్యాపార వ్యతిరేక సంఘం అచ్చువేసింది. పేజీలకొద్దీ వర్ణన చేయలేని పని ఆ బొమ్మ చేసింది. వేయించే బొమ్మ ఏదైనా సరే, అది ఏ సంగతిని రుజువు చేస్తున్నదని పిల్లవాడిని అడగండి.

కాగితాన్ని రెండు చోట్ల మడిచి, రెండు వైపులా కలిపి ఆరు పలకలుగా చేసేటట్లయితే, ముందు ఖాళీ కాగితాన్ని మడిచి పలకల మీద అంకెలు వేయించండి, లేకపోతే వరుస తారుమారవుతుంది. మొదటిసారి రాసేవారికి మాత్రం ఒకే వైపు రాసిన ఎ5 కాగితం (ఎ4లో సగం) చాలు.

మార్కులు వేసే ముందు కరపత్రాన్ని నిజంగా దాని పాఠకుల చేతికివ్వండి. రాసిన పిల్ల దూరంగా నిలబడి, ఆరో తరగతి పిల్లల కళ్లు ఎక్కడ ఆగాయో, ఎక్కడ వదిలేశారో చూసి, మళ్లీ రాయాలి. మొదటి ప్రతికీ రెండో ప్రతికీ మధ్య ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో చెప్పగలిగితే నేనైతే మార్కుల్లో పెద్ద భాగం దానికే ఇస్తాను.

ప్రశ్న: మా తరగతిలో ఇచ్చిన అంశం మీద నాకు పూర్తి నమ్మకం లేదు. అయినా ఒప్పించేలా రాయవచ్చా? కొంచెం పెంచి రాస్తే తప్పా?
– ఒక విద్యార్థి

జవాబు: పెంచి రాయవద్దు బాబూ. ‘ఇలాగే ఉంటే అందరూ చనిపోతారు’ అని రాస్తే చదివినవారు భయపడి ఏమీ చేయకుండా ఉండిపోతారు, లేదా అబద్ధమని గ్రహించి నువ్వు చెప్పిన నిజాన్ని కూడా వదిలేస్తారు. నీకు నమ్మకం లేని చోట నీ మాటను చిన్నది చేసుకో. ‘ఈ కుళాయిలు బాగుచేస్తే నీటి కొరత తీరిపోతుంది’ అనడానికి నీ మనసు ఒప్పుకోకపోతే, ‘ఈ కుళాయి బాగుచేస్తే రోజుకు ఒక కూజా నీళ్లు మిగులుతాయి’ అను. దానికీ ఒప్పుకోకపోతే, నీకు ఏ మాట నిజమనిపిస్తుందో మీ టీచరుగారికి చెప్పి, ఆ మాట మీదే రాయడానికి అనుమతి అడుగు.